ఆల్ టెర్రెయిన్ టైర్లు మీ బండికి నిజంగా అవసరమా? సైజు పెంచితే చట్టం ఏమంటుంది?

థార్, జిమ్నీ, గూర్ఖా, ఫార్చ్యూనర్.. వీటిలో ఏదో ఒకటి మీ ఇంట్లో ఉందంటే టైర్ల గురించి ఎవరో ఒకరు మీకు సలహా ఇచ్చే ఉంటారు. ‘కంపెనీ టైర్లు తీసేసి ఏటీలు వేయించు, బండి లుక్కే మారిపోతుంది’ అని. ఏటీ అంటే ఆల్ టెర్రెయిన్. తార్రోడ్డు మీదా, మట్టి బాట మీదా నడిచేలా తయారుచేసిన టైరు.

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 10 వేల రూపాయలు ఉన్న టైరుకు అంతకుముందు 12,800 రూపాయలు అయ్యేది. అదే ధరకు ఇప్పుడు 11,800 అవుతుంది. స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు మారిస్తే 5 వేలు మిగులుతాయి. దాంతో ‘ఎలాగూ మారుస్తున్నాం, ఏటీలే వేయిద్దాం, వీలైతే ఒక సైజు పెంచుదాం’ అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

అక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. ఎందుకంటే ఇది లుక్కుతో అయిపోయే విషయం కాదు. వాన పడుతున్న హైవే మీద మీ బండి ఎంత దూరంలో ఆగుతుంది, స్పీడోమీటర్ ఎంత నిజం చెబుతుంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఏం అడుగుతుంది అన్నవన్నీ ఈ ఒక్క నిర్ణయంతో ముడిపడి ఉన్నాయి.

హెచ్‌టీ, ఏటీ, ఎంటీ.. తేడా ఏంటి?

ఎస్‌యూవీ టైర్లు ప్రధానంగా మూడు రకాలు.

హెచ్‌టీ అంటే హైవే టెర్రెయిన్. రబ్బరు దిమ్మెలు దగ్గరదగ్గరగా ఉంటాయి, వాటి మధ్య గాడులు సన్నగా ఉంటాయి. చప్పుడు తక్కువ. తార్రోడ్డు మీద పట్టు ఎక్కువ.

ఎంటీ అంటే మడ్ టెర్రెయిన్. పెద్ద పెద్ద దిమ్మెలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు. చక్రం తిరిగేటప్పుడు ఆ ఖాళీల్లో ఇరుక్కున్న బురదను విసిరికొడుతుంది. తార్రోడ్డు మీద మాత్రం హోరు పెడుతుంది, త్వరగా అరుగుతుంది.

ఏటీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. గాడులు హెచ్‌టీ కన్నా వెడల్పు, ఎంటీ కన్నా ఇరుకు. అంచుల్లోని దిమ్మెలు రాళ్లను పట్టుకునేలా ఉంటాయి. చాలా మోడళ్లలో సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, కాస్త మందంగా ఉంటుంది.

కొత్త టైర్లు కొనే ముందు మీ బండికి ఇప్పుడు ఏం ఉన్నాయో చూసుకోండి. 2020లో వచ్చిన థార్‌లో ఎల్‌ఎక్స్ వేరియంట్లు 255/65 ఆర్18 సైజులో ఏటీ టైర్లతోనే షోరూమ్ నుంచి వచ్చాయి. జిమ్నీకి కంపెనీ ఇచ్చినవి 195/80 ఆర్15 సైజు హెచ్‌టీలు. అంటే కొంతమంది థార్ యజమానులు తమ దగ్గర ఉన్నదాన్నే మళ్లీ కొనడానికి డబ్బులు పెడుతున్నారు.

తార్రోడ్డు మీద ఏటీకి చెల్లించే మూల్యం

బ్రేక్ వేసినప్పుడు బండిని ఆపేది రోడ్డును తాకుతున్న రబ్బరు. ఏటీలో గాడులు వెడల్పు కాబట్టి ఒకే సైజు హెచ్‌టీతో పోలిస్తే రోడ్డును తాకే రబ్బరు తక్కువ. దిమ్మెలు ఎత్తుగా ఉండటంతో గట్టిగా బ్రేక్ వేసినప్పుడు అవి కొంత వంగుతాయి. పైగా రాళ్లకు కోసుకుపోకుండా, పెచ్చులు లేవకుండా ఉండేలా ఆ రబ్బరును తయారుచేస్తారు. ఆ గట్టిదనం తడి రోడ్డు మీద పట్టును కొంత తగ్గించవచ్చు. అందుకే తడి తార్రోడ్డు మీద ఏటీలు సాధారణంగా మంచి హెచ్‌టీల కన్నా కొంచెం ఎక్కువ దూరం వెళ్లి ఆగుతాయి.

ఇది ఎప్పుడు తెలుస్తుంది? హైదరాబాద్ ఓఆర్‌ఆర్‌పై గరిష్ఠ వేగ పరిమితి 120 కిలోమీటర్లు. ఆ వేగంలో బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. జులై వానలో ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగితే ఒకటి రెండు బండ్ల పొడవు తేడాయే ప్రాణాలకు అడ్డం పడుతుంది.

టైర్ల తడి పట్టుకు మన దేశంలో కనీస ప్రమాణం ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022లో మోటారు వాహనాల నిబంధనలను సవరించి ఏఐఎస్-142 ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది. కార్లు, తేలికపాటి వాణిజ్య వాహనాలు, లారీలు, బస్సుల టైర్లు దీని కిందకు వస్తాయి. కొత్త డిజైన్లకు ఇది 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తడి రోడ్డుపై పట్టు, దొర్లేటప్పుడు టైరు పెట్టే నిరోధం, చప్పుడు.. ఈ మూడింటినీ కొలుస్తారు. అయితే పరీక్ష పాసైందంటే కనీస గీత దాటిందని మాత్రమే అర్థం. పాసైన రెండు టైర్లు ఒకే దూరంలో ఆగుతాయని కాదు.

మిగతా ఖర్చులు చిన్నవి. మైలేజీ కొంత తగ్గుతుంది, 80 దాటితే చప్పుడు పెరుగుతుంది, టైరు బరువు ఎక్కువైతే స్టీరింగ్ కాస్త మందగిస్తుంది. వీటికి అలవాటుపడొచ్చు. బ్రేకింగ్ దూరానికి మాత్రం అలవాటు పడటం ఉండదు. వేగం తగ్గించడం, ముందు బండికి దూరం పెంచడం తప్ప మార్గం లేదు.

మన నేలల్లో ఏటీ ఎక్కడ పనిచేస్తుంది?

టైరు ప్రకటనల్లో కనిపించేవి ఎడారులు, మంచు కొండలు. మీరు నడిపేది తెలుగు నేల మీద. కాబట్టి ఒక్కో నేలా విడిగా చూద్దాం.

మొరం, ఎర్రమట్టి బాటలు: తెలంగాణలో చాలా పల్లె దారులు, వికారాబాద్ వైపు ఎర్రమట్టి బాటలు ఈ కోవలోకి వస్తాయి. ఏటీ అచ్చంగా పనికొచ్చేది ఇక్కడే. గులకరాళ్ల మీద జారుడు తగ్గుతుంది, చిన్న రాళ్లకు ట్రెడ్ కోసుకుపోవడం తగ్గుతుంది.

బండరాళ్లు, పదునైన రాళ్లు: ఇక్కడ ట్రెడ్ కన్నా సైడ్‌వాల్ ముఖ్యం. ట్రెడ్‌లో మేకు దిగితే పంక్చర్ వేయొచ్చు. సైడ్‌వాల్ కోసుకుపోతే ఆ టైరు పని అయిపోయినట్టే. ఎన్ని పొరల సైడ్‌వాల్ అన్నది షాపులో అడగండి. ఆ వివరం టైరు మీదే ముద్రించి ఉంటుంది.

నల్లరేగడి: కర్నూలు, నంద్యాల, ఆదిలాబాద్ వైపు పొలాలున్నవాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు. ఎండలో రాయిలా ఉండే నేల, వాన పడితే జిగురులా మారుతుంది. ఏటీ గాడులు నాలుగైదు చుట్లకే ఆ బంకమట్టితో నిండిపోతాయి. ఆ తర్వాత అది గాడుల్లేని నున్నటి టైరుతో సమానం. ఎంటీ కొంత నయమే కానీ, తడి రేగడిలో దానికీ గ్యారంటీ లేదు. ఒక పూట ఆగి నేల ఆరనివ్వడమో, బండి గట్టు మీద వదిలి నడిచి వెళ్లడమో మేలు. గోదావరి జిల్లాల్లో వానాకాలం పుంత దారులకూ ఇదే మాట.

ఇసుక: ఇసుకలో కావాల్సింది తేలడం. దూకుడైన ట్రెడ్ ఇసుకను తవ్వుకుంటూ బండిని కిందకు దింపుతుంది. గాలి తగ్గించిన మామూలు హెచ్‌టీ కూడా చాలాసార్లు గాలి నిండా ఉన్న ఖరీదైన ఏటీ కన్నా బాగా నడుస్తుంది.

ఘాట్ రోడ్లు: అరకు, లంబసింగి, మారేడుమిల్లి అంటే చాలామందికి ‘ఆఫ్‌రోడ్’ అనిపిస్తుంది. కానీ ఆ ఘాట్‌లు తార్రోడ్లే. పొగమంచు, తడి మలుపులు, దిగుడులో బ్రేకింగ్.. ఇక్కడ మీకు కావాల్సింది ట్రెడ్ బాగా మిగిలి ఉన్న, తడిలో పట్టున్న టైరు. ఆ పని మంచి హెచ్‌టీ చేస్తుంది. ప్రధాన రోడ్డు వదిలి కొండ గూడేల వైపు మట్టి దారుల్లో రోజూ వెళ్లేవాళ్లు, అంటే కాఫీ తోటలున్నవాళ్లు, ఏజెన్సీలో ఉద్యోగాలు చేసేవాళ్లు అయితే ఏటీ తీసుకోవడంలో అర్థం ఉంది.

మంచు: ఏటా లద్దాఖ్, స్పితి వెళ్లేవాళ్లు టైరు మీద రెండు గుర్తులు చూస్తారు. ‘ఎం ప్లస్ ఎస్’ అన్నది ట్రెడ్ డిజైన్‌ను బట్టి తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ మాత్రం మంచు మీద పరీక్ష పాసైతేనే వస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ జీవితంలో ఒకసారి వేసవిలో లేహ్ వెళ్లేవారికి ఈ రెండో గుర్తు కోసం అదనంగా ఖర్చుపెట్టాల్సిన పనిలేదు.

సైడ్‌వాల్ మీద ఏం రాసి ఉంటుంది?

255/65 ఆర్18 అనే సైజునే తీసుకుందాం. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్. 18 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో.

దాని పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె లోడ్ ఇండెక్స్. 109 అని ఉంటే ఒక్కో టైరు 1,030 కిలోల దాకా మోయగలదని, 112 అని ఉంటే 1,120 కిలోలని అర్థం. అక్షరం వేగ పరిమితి. క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ఆర్ 170, ఎస్ 180, టీ 190, హెచ్ 210. ఏటీ, ఎంటీల్లో క్యూ, ఆర్, ఎస్ ఎక్కువగా కనిపిస్తాయి. మీ బండి మాన్యువల్‌లో ఉన్న లోడ్ ఇండెక్స్, వేగ అక్షరాల కన్నా తక్కువవి వేయించుకోవద్దు. ‘మీరు అంత స్పీడ్ పోరు కదా సార్’ అని షాపులో అనొచ్చు. ఆ అక్షరం వేగం గురించే కాదు, వేడిని టైరు ఎంత తట్టుకుంటుందన్న దాని గురించి కూడా. మే నెల ఎండలో ఏడుగురితో, సామానుతో వెళ్తున్నప్పుడు అదే లెక్కలోకి వస్తుంది.

సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది తేలికపాటి ట్రక్కుల కోసం చేసిన గట్టి టైరు. రాళ్లకు బాగా ఆగుతుంది కానీ బరువెక్కువ, గతుకుల్లో కుదుపు ఎక్కువ. అదే బరువు మోయడానికి దానికి మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కావాలి. డోర్ పక్కనున్న స్టిక్కర్‌లోని అంకె ఎల్‌టీకి సరిపోకపోవచ్చు. బిల్లు కట్టే ముందే ఎంత గాలి పెట్టాలో కంపెనీ పట్టికలో చూపించమనండి.

చివరగా తేదీ. కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. ఏటీలు హెచ్‌టీలంత వేగంగా అమ్ముడుపోవు కాబట్టి కొన్ని సైజులు గోడౌన్లో చాలాకాలం ఉండిపోతాయి. ఐదు టైర్లకూ విడివిడిగా తేదీ చూడండి.

ఒక సైజు పెంచితే ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. 255/65 ఆర్18 టైరు మొత్తం ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. దాని బదులు 265/65 ఆర్18 వేస్తే 802, అంటే 1.6 శాతం ఎక్కువ. 265/70 ఆర్18 వేస్తే 828, అంటే 5 శాతం ఎక్కువ. కాగితం మీద అంకెల తేడా చిన్నదే. కానీ స్పీడోమీటర్ చక్రం తిరిగే లెక్కను బట్టి వేగం చూపిస్తుంది. చక్రం పెద్దదైతే అది 100 చూపిస్తున్నప్పుడు బండి ఇంతకుముందు కన్నా 5 శాతం ఎక్కువ వేగంతో పోతున్నట్టు. స్పీడ్ కెమెరా మీ డ్యాష్‌బోర్డును చూడదు.

జిమ్నీలోనూ అంతే. 195/80 ఆర్15 ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15తో 1.5 శాతం పెరుగుతుంది. 235/75 ఆర్15తో దాదాపు 6 శాతం.

ఎత్తుతో పాటు బరువూ పెరుగుతుంది. పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి, తిప్పడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు వీల్ ఆర్చ్‌కు రాసుకోవచ్చు. థార్, జిమ్నీ లాంటి వాటిలో స్టెప్నీ వెనక తలుపుకు వేలాడుతుంది. బరువైన ఐదో టైరు భారమంతా ఆ తలుపు కీళ్ల మీద పడుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఈ సెక్షన్‌ను వివరిస్తూ, తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా మార్పులు చేయడం కుదరదని స్పష్టం చేసింది.

అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్‌ను మార్చారు. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

దీన్ని టైర్లకు అన్వయిస్తే..

అదే సైజు, అదే లేదా అంతకన్నా ఎక్కువ లోడ్ ఇండెక్స్, వేగ అక్షరంతో హెచ్‌టీ నుంచి ఏటీకి మారితే ఇబ్బంది లేదు. అది అరిగిన టైరును మార్చడమే, వాహనాన్ని మార్చడం కాదు.

మీ మోడల్‌లోనే వేరే వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజు అయితే, ఆ సైజు మీ వేరియంట్‌కూ సరిపోతుందని మాన్యువల్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

కంపెనీ ఎక్కడా చెప్పని సైజు, బాడీ దాటి బయటకు పొడుచుకొచ్చే వెడల్పాటి రిమ్‌లు, వాటి కోసం బండిని ఎత్తే లిఫ్ట్ కిట్‌లు.. ఇవన్నీ మీరు చిక్కుల్లో పడే మార్పులు. ‘3 శాతం లోపు తేడా అయితే లీగల్’ అని షాపుల్లో చెబుతుంటారు. అది టైర్ల వ్యాపారంలో వాడుకునే కొలత. 52వ సెక్షన్‌లో అలాంటి శాతమేదీ లేదు.

ఎల్లో బోర్డు బండ్లు నడిపేవారికి ఇంకో మాట. మోటారు క్యాబ్‌లు మినహా రవాణా వాహనాలకు ఒక్కో చక్రానికి ఉన్న టైర్ల సంఖ్య, రకం, సైజు రిజిస్ట్రేషన్‌లోనే నమోదు చేయాలని చట్టంలోని 58వ సెక్షన్ చెబుతోంది. అలాంటి వాహనాలకు సైజు మారిస్తే ఫిట్‌నెస్ పరీక్షలోనే ఆ తేడా బయటపడొచ్చు.

బీమా సంగతి

పాలసీ తీసుకున్నప్పుడున్న బండికి, ప్రమాదం జరిగినప్పుడున్న బండికి తేడా ఉంటే సర్వేయర్ దాన్ని రాస్తారు. ఆ మార్పు గురించి కంపెనీకి ముందే చెప్పకపోతే, మీ సొంత బండి నష్టానికి సంబంధించిన క్లెయిమ్‌ను తగ్గించడానికో, నిరాకరించడానికో అది కారణం కావచ్చు. అదే సైజు ఏటీకి మారినా సరే, బీమా కంపెనీకి ఒక ఈమెయిల్ పంపి, వాళ్లిచ్చిన జవాబు దాచుకోండి. ఐదు నిమిషాల పని.

అరిగిన టైర్లతో కూడా ఇదే చిక్కు. కార్లు, ఎస్‌యూవీలకు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదన్నది నిబంధన. గాడుల మధ్య చిన్న అడ్డు గట్లుంటాయి. ట్రెడ్ వాటి మట్టానికి వచ్చిందంటే గడువు అయిపోయినట్టే. తడి రోడ్డు మీద పట్టు అంతకన్నా ముందే, 3 మిల్లీమీటర్ల దగ్గరే బాగా పడిపోతుంది. ఇక మట్టిలో ఏటీ గుణం సగం అరిగేసరికే చాలావరకు పోతుంది. అంటే ఆఫ్‌రోడ్ కోసం కొన్న టైరు, చట్టప్రకారం ఇంకా చెల్లుతున్నా, కొన్న పనికి ముందే ముగిసిపోతుంది.

నాలుగు మార్చాలా? ఐదా?

ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ‘ముందు రెండు పాతవి, వెనక రెండు కొత్త ఏటీలు’ అన్న సర్దుబాటు పనికిరాదు. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో లేకపోతే, ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు ఇరుసు, వెనక ఇరుసు వేర్వేరు వేగాల్లో తిరగాలని చూస్తూ గేర్‌ల మీద ఒత్తిడి పెంచుతాయి. ఆ రిపేరు టైర్ల ధర కన్నా చాలా ఎక్కువ. నాలుగూ ఒకే బ్రాండ్, ఒకే మోడల్, ఒకే సైజు ఉండాలి. అడవి దారిలో స్టెప్నీ వాడాల్సివస్తే అదీ అదే అయి ఉండాలి. అందుకే బడ్జెట్ వేసేటప్పుడే ఐదుకు వేసుకోండి.

ఏటీ దిమ్మెలు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అరుగుతాయి. 8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి టైర్ల స్థానాలు మార్పించకపోతే హోరు విపరీతంగా పెరుగుతుంది.

టైరు కన్నా ముందు గాలి

ఆఫ్‌రోడ్‌లో ఎక్కువ తేడా చూపించేది గాలి, అదీ దాదాపు ఖర్చు లేకుండా. ఇసుకలో 18 పీఎస్‌ఐ దాకా, రాళ్ల బాటలో 22 నుంచి 25 దాకా తగ్గిస్తే టైరు నేల మీద పరుచుకుని పట్టు పెరుగుతుంది. అంతకన్నా బాగా తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. గాలి తగ్గించినప్పుడు నెమ్మదిగానే నడపాలి. తార్రోడ్డు ఎక్కే ముందు మళ్లీ స్టిక్కర్‌లో ఉన్నంత గాలి పెట్టాలి. అలా పెట్టకుండా హైవే మీద వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పేలిపోవచ్చు. బండి సాకెట్‌తో నడిచే చిన్న కంప్రెసర్, నమ్మకమైన గేజ్ కొనుక్కోండి. ఏడాదికి రెండు మూడుసార్లు మట్టి దారి పట్టేవారికి కంపెనీ టైర్లు, ఈ రెండు సామాన్లు చాలు.

షాపులో ఏం చూసుకోవాలి?

టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. దేశంలో అమ్మే వాహనాల టైర్లకు, దిగుమతి చేసుకున్న వాటికి కూడా, ఇది తప్పనిసరి. దానితో ఉండే లైసెన్స్ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు.

జీఎస్టీ బిల్లు తీసుకోండి, అందులో టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకోండి. వారంటీ క్లెయిమ్‌కు అవే ఆధారం. తయారీ లోపాలకే సాధారణంగా వారంటీ వర్తిస్తుంది. రాయి తగిలి కోసుకుపోతే రాదు. ఆఫ్‌రోడ్ వాడకంపై ఏవైనా షరతులున్నాయేమో ముందే చదవండి.

బండికి గాలి ఒత్తిడి సెన్సర్లు ఉంటే టైరు ఊడదీసే ముందే మెకానిక్‌కు చెప్పండి. అవి వాల్వ్ దగ్గర ఉంటాయి, పొరపాటున విరిగిపోతాయి.

పాత తేదీ టైర్లు అంటగట్టినా, వారంటీకి అడ్డం తిరిగినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

టైరు ఉందని అడవిలోకి వెళ్లొచ్చా?

కుదరదు. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు, పాపికొండల జాతీయ పార్కు లాంటి చోట్ల అనుమతి లేకుండా ప్రవేశించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం నేరం. మిగతా రిజర్వ్ ఫారెస్టుల్లోనూ అటవీ శాఖను అడిగే వెళ్లాలి. బీచ్‌ల సంగతీ అంతే. చలికాలం చివర నుంచి వేసవి మొదలు దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటి మీద నుంచి ఒక బండి వెళ్తే చాలు.

మరి ఎలా తేల్చుకోవాలి?

గత ఏడాది మీ ఓడోమీటర్ తిరిగిన కిలోమీటర్లను గుర్తుచేసుకోండి. అందులో తార్రోడ్డు ఎంత, మట్టి ఎంత?

పదిలో తొమ్మిది వంతులు తార్రోడ్డే అయితే, బండికున్న సైజులోనే మంచి హెచ్‌టీ తీసుకోండి. వానలో బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ నిర్ణయం మీకు పనికొస్తుంది. ఇంటికో పొలానికో రోజూ మొరం బాటలో వెళ్తుంటే, మట్టి వాటా పావు వంతు దాటితే ఏటీ తీసుకోండి. అది కూడా అదే సైజులో, తగ్గని లోడ్ ఇండెక్స్‌తో. వానలో వేగం తగ్గించాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఎంటీ కావాల్సింది బురదలో పని ఉన్నవారికి, అదీ రెండో బండికి.

లుక్కు కోసమే అయితే, అదీ మీ ఇష్టమే, మీ డబ్బే. అప్పుడూ సైజు మాత్రం పెంచకండి. ఆ బండిలో మీతో పాటు ఇంట్లోవాళ్లు కూడా కూర్చుంటారు.